మరి ఎందుకొచ్చిందట?

మొన్న దవాఖానలో కొత్తగా వచ్చిన డాక్టరు, "మీది మేనరికమా అమ్మా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా పక్కకి తిరిగాను. ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది మా అత్త. పాప మంచం పక్కన స్టూలు మీద కూచుని, డాక్టరు వస్తున్నాడనగానే కొంగు తీసి నడుముకి బిగించేది, నాటు వేయడానికి మడిలోకి దిగబోతున్నట్టు. డాక్టరు నోరు తెరిచేలోపు తానే మొదలుపెట్టేది. మొన్న ఆ స్టూలు మీద మా ఫ్లాస్కు, పాప స్కూలు బ్యాగు ఉన్నాయి. మా అత్త పోయి ఏడాది దాటింది. ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా తిరిగాను.

ఆమె నాకు రెండు విధాలా అత్త. మా నాన్నకి తోడబుట్టిన అక్క, మా ఆయనకి కన్నతల్లి. మా ఇళ్లలో ఆడపిల్ల పుట్టి తొట్లెలో వేసిన రోజున మేనత్త వచ్చి ఆ పిల్లని ఒళ్లో పెట్టుకుని, "గిది నా కోడలు" అంటుంది. చాలా ఇళ్లలో అదొక ముచ్చట. నవ్వుకుంటారు, భోజనాలు చేస్తారు, మరిచిపోతారు. మా అత్తకి అది మాట. నర్సింహులపేట దగ్గర మా ఊళ్లో నన్ను ఒళ్లో పెట్టుకుని అన్న మాటని, నేను డిగ్రీ చదివి, బీఎడ్ చేసి, సైన్సు టీచర్ని అయిన తర్వాత కూడా వదల్లేదు. "మా నెత్తురు మా ఇంట్లనే ఉండాలె" అనేది. నాకూ మా బావంటే ఇష్టమే. కాబట్టి ఇందులో బలవంతం ఏమీ లేదు. ఇష్టంగా పెళ్లి చేసుకుని జనగామలో కాపురం పెట్టి, పదో తరగతి పిల్లలకి బఠానీ మొక్కల పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నాను. తల్లి మొక్క నుంచి ఏం వస్తుంది, తండ్రి మొక్క నుంచి ఏం వస్తుంది అని బోర్డు మీద గడులు గీస్తాను. ఆ గడుల్లో మా ఇల్లు ఎప్పుడూ కనిపించలేదు.

పాప రెండో తరగతిలో ఉండగా మొదటిసారి వచ్చింది ఆ నొప్పి. స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ విప్పుతూ, "అమ్మా, కడుపు" అని వంగిపోయింది. పడుకోలేదు, నిటారుగా కూచోలేదు. మోకాళ్లు పొట్టకి అదుముకుని ముందుకి వంగి కూచుంది. అప్పుడు అత్త మా దగ్గరే ఉంది. వాము నీళ్లు తాగించబోయి, పాప కూచున్న తీరు చూసి చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. భయపడిందనుకున్నాను. ఎందుకు భయపడిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

దవాఖానలో రక్తం పరీక్ష, స్కానింగు చూసి డాక్టరు, "క్లోమం వాచింది" అన్నాడు. జీర్ణాశయం వెనకాల ఉంటుంది క్లోమం. అక్కడ ఊరే రసాలు పేగులోకి వెళ్లి తిండిని అరిగిస్తాయి. "పెద్దవాళ్లకి వస్తే ముందు తాగుడు గురించి అడుగుతాం. పిల్లలకైతే వేరే కారణాలు వెతకాలి" అని కూడా అన్నాడు. రెండో సగం మా అత్త చెవిన పడలేదు. స్టూలు మీంచి లేచి రెండు చేతులూ జోడించింది.

"సారూ, నన్ను తిట్టుండ్రి. నేనే తాగిపిచ్చిన."

వార్డంతా ఇటు తిరిగింది. ఎదురు మంచం మీద కమలాపండు ఒలుస్తున్నావిడ ఒలవడం ఆపేసింది.

"ఏం తాగించావమ్మా?"

"కల్లు, సారూ. పోచమ్మ పండుగ నాడు తల్లికి సాక పోసినం. ముంతల మిగిలిన చుక్క వేలుతోని దీని నాలుకకు రాసిన. మా అమ్మ నాకు రాసింది, నేను నా పిల్లలకు రాసిన. గట్ల రాస్తె తల్లి సల్లగ చూస్తదని."

"ఎంత రాశావు?"

"గింత." చిటికెన వేలు కొస చూపించింది.

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "దానికి రాదమ్మా ఇది."

"మరి ఎందుకొచ్చిందట?"

ఆ ప్రశ్న నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కుడిచేతి చూపుడు వేలు గాల్లోకి లేపి అడిగేది. చివర ఆ 'అట' ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. కారణం ఎవరికో తెలుసు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు, మధ్యలో తనకి చేరలేదు అన్నట్టుండేది. డాక్టర్లనీ నర్సులనీ అడిగింది సరే, జనగామ బస్టాండులో మొక్కజొన్న కంకులు కాల్చే ఆమెనీ అడిగింది. ఆవిడ ఆలోచించి ఆలోచించి, "దిష్టేమో అక్కా" అంది. అత్త తల అడ్డంగా ఊపి, "తీసిన. పోలే" అంది.

డాక్టరు కాదన్నా, కల్లు మాత్రం మానేసింది. మా అత్త కల్లు మానడం అంటే చిన్న విషయం కాదు. మరిపెడ దగ్గర వాళ్ల ఊళ్లో పొద్దు వాలేసరికి కల్లు గీసే గౌడన్న లొట్టి తీసుకుని ఆమె వాకిట్లో ఆగకుండా పోయేవాడు కాదు. ఈతకల్లు ఏ చెట్టుదో వాసన చూసి చెప్పేది. అలాంటి మనిషి, గౌడన్న వచ్చి నిలబడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకుంది.

"డాక్టరే కాదన్నడంట గదనే అక్కా" అన్నాడు గౌడన్న.

"డాక్టరు కాదన్నడు తమ్మీ. నా పానం అవునంటాంది. పో."

పాపకి తగ్గిపోయింది. నెలలు గడిచాయి. మరిచిపోవచ్చు అనుకునేలోపు మళ్లీ వచ్చింది. మళ్లీ సెలైన్లు, నోటికి ఏమీ పెట్టొద్దనడం, మళ్లీ తగ్గడం. ఈ జబ్బు తీరే అంత. ఏ సారి ఏం జరిగిందో నాకు ఇప్పుడు వరసగా చెప్పడం రాదు. డాక్టర్లు ప్రతిసారీ ఒక కారణం వెతికేవాళ్లు. పరీక్షలో అది కాదని తేలేది. ఫలితం వచ్చేలోపే మా అత్త ఆ కారణం మీద యుద్ధానికి దిగేది. నులిపురుగులు క్లోమం గొట్టంలో దూరినా వాస్తుందన్నారు. ఇంట్లో అందరిచేతా మందు మింగించింది, మా ఆయన్ని కూడా వదల్లేదు. సైకిలు హ్యాండిలు పొట్టలో గుచ్చుకుని దెబ్బ తగిలినా రావచ్చన్నారు. పాప సైకిల్ని మా అటక మీదికి ఎక్కించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. రక్తంలో కొవ్వు ఎక్కువున్నా వస్తుందన్నారు. ఇక మా ఇంట్లో పోపు చప్పుడు వినపడలేదు.

పిత్తాశయంలో రాళ్లు జారి గొట్టానికి అడ్డం పడతాయి, పిల్లల్లో కూడా ఉంటాయి అన్నప్పుడు చాట పట్టుకుంది. తిన్న బియ్యంలో రాళ్లే లోపల చేరాయని ఆమె నమ్మకం. అవి వేరే రాళ్లు, లోపలే తయారవుతాయి అని చెప్పాను. "సూసినవా నువ్వు?" అంది. మేం కొనేది మిల్లులో శుభ్రం చేసిన బియ్యం, రాయన్నదే ఉండదు. అయినా వసారాలో కాళ్లు చాపుకుని కూచుని, పాప తినే ప్రతి గింజా వేలుతో జరిపి చూసేది. స్కానింగులో రాళ్లు లేవని తేలింది. "సూడు మరి" అంది నాతో, ఆ రాళ్లు తానే ఏరి పారేసినట్టు.

పుట్టుకతోనే క్లోమం గొట్టాల అమరిక తేడాగా ఉండొచ్చు అన్నప్పుడు మాత్రం నా మీదికి తిరిగింది.

"గ్రహణం నాడు ఏం కోసినవే?"

"ఏం కోయలేదత్తా. నువ్వే కదా నన్ను కదలొద్దని కూచోబెట్టావు. పేపర్లు దిద్దుకున్నాను."

"పెన్సిలు చెక్కినవా?"

నవ్వాను. నవ్విన తర్వాత, ఆ రోజు పెన్సిలు చెక్కానా లేదా అని పొయ్యి ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాను. పిల్లలకి గ్రహణం గురించి బంతులతో, టార్చిలైటుతో చూపించి పాఠం చెప్పే మనిషిని నేను. గొట్టాలు మామూలుగానే ఉన్నాయని రిపోర్టు వచ్చేదాకా ఆ పెన్సిలు నన్ను వదల్లేదు.

ప్రతి కొత్త డాక్టరూ అడిగే ప్రశ్న ఇంకొకటి ఉండేది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి కడుపునొప్పి ఉందా?" అత్త వెంటనే, "ఎవలకు లేదు. మా వంశంల లేదు" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం వేలు లేపేది కాదు.

చివరికి పట్నంలో ఒక పెద్ద డాక్టరమ్మ జన్యు పరీక్ష రాసింది. ఫలితం వచ్చిన రోజు మమ్మల్ని కూచోబెట్టి ఓపికగా చెప్పింది. క్లోమం రసం పేగులోకి వెళ్లాకే పని మొదలుపెట్టాలి. తొందరపడి లోపలే మొదలుపెడితే ఆపడానికి శరీరంలో ఒక కాపలా ఉంటుంది. పాపలో ఆ కాపలా సరిగా తయారవడం లేదు. దానికి కారణమైన జన్యువులో తల్లి నుంచి ఒక తేడా, తండ్రి నుంచి అదే తేడా వచ్చాయి. ఒక్కటే ఉన్న చాలామందికి జన్మలో ఏమీ కాదు. రెండున్నా జబ్బు రానివాళ్లు కూడా ఉంటారు. "కాబట్టి ఇదే కారణమని గట్టిగా అనలేం. కారణంలో ఇదొక ముక్క. మీది మేనరికమా?"

"అవ్ మేడమ్. నేనే చేసిన" అంది అత్త, మొహం వెలిగిపోతూ. "నా తమ్ముని బిడ్డ. తొట్లెల ఏసిన నాడే నా ఒళ్లె పెట్టుకున్న."

"అయితే రెండూ మీ పుట్టింటి నుంచే వచ్చి ఉండొచ్చమ్మా. మీ నుంచి మీ అబ్బాయికి, మీ తమ్ముడి నుంచి ఈమెకి."

అత్త వేలు లేవలేదు. ఎందుకొచ్చిందట అని అడగలేదు. నడుముకి చుట్టిన కొంగు విప్పి భుజం మీద వేసుకుంది. అప్పటిదాకా ఆ ప్రశ్న వింటే విసుగొచ్చేది నాకు. ఆ రోజు అడగకపోతే భయం వేసింది.

కొన్నాళ్లకి, "భూపాలపల్లి పోదాం, బుజ్జిని తోలుకరా" అంది. బుజ్జి అంటే మా పాప. భూపాలపల్లిలో మా ఆడబిడ్డ, అంటే అత్త కూతురు, ఉంటుంది. వాళ్లాయనది బొగ్గుబావిలో ఉద్యోగం. వాళ్లకొక కొడుకు. బుజ్జిని తొట్లెలో వేసిన రోజున అత్త తన చేతులతో ఆ పసిగుడ్డుని కూతురి ఒళ్లో పెట్టి, "ఇగో, నీ కోడలు" అంది. మేం నవ్వాం. ఆడబిడ్డ నవ్వలేదు. తల్లి లాగే ఆమె కూడా మాటని మాటగానే తీసుకునే మనిషి.

మేం వెళ్లేసరికి ఆడబిడ్డ పాప కోసమని నూనె లేకుండా పప్పుచారు కాచి, పొట్లకాయ ఉడికించి ఉంచింది. తిన్న తర్వాత బుజ్జిని దగ్గర కూచోబెట్టుకుని జడ వేస్తోంది. అత్త లేచి కొంగు బిగించింది. పాప చెయ్యి పట్టి లేపి తీసుకొచ్చి నా ఒళ్లో కూలేసింది. అప్పటికి అది ఏడో తరగతి. కాళ్లు నేలకి తగులుతున్నాయి. సగం వేసిన జడ ఊడిపోయింది. పాప నవ్వబోయి మా మొహాలు చూసి ఆగింది.

"ఏందే అమ్మా గిది?" అంది ఆడబిడ్డ.

"నీ ఒళ్లె పెట్టింది నేనే గద బిడ్డా. నేనే తీసుకుంటాన్న."

"ఎందుకు? దానికి పానం బాగుండదని నేనేమన్న వద్దన్ననా? నా కండ్లల్ల పెట్టుకొని సూసుకుంట. నా కొడుకు బొగ్గుబాయి పనోని కొడుకనా? వీళ్లు సదువుకున్నోళ్లనా?"

"కాదే. నెత్తురు ఒక్కటేనే. నాకెల్లే అందరికి పోయింది."

"నిన్నటిదాంక గదే మంచిదంటివి గదనే! నెత్తురు బయటికి పోవద్దని నువ్వే అంటివి. ఇయ్యాల గదే నెత్తురు పాడైందా?"

అత్త కూతురి మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తరగతిలో ప్రశ్న అడిగితే జవాబు తెలియని పిల్లలు అలాగే చూస్తారు.

"ఏమో బిడ్డ. నాకు గూడ తెలుస్తలేదు."

పెళ్లీడుకి వచ్చాక పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది, ఇప్పుడే ఇదంతా ఎందుకు అని నేను మధ్యలో ఏదో అన్నాను. నా మాట ఎవరూ వినలేదు. ఆడబిడ్డ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఎవరిది తప్పో నాకు తెలియలేదు. ముగ్గురం పాప మంచే కోరుతున్నాం కదా, మరి ఎందుకిలా ఒకరి మీద ఒకరం పడ్డాం?

బస్సు పరకాల దాటింది. పాప నా భుజం మీద నిద్రపోయింది. అప్పుడు అత్త కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"మాకొక తమ్ముడుండె."

నాకు అర్థం కాలేదు. ఆమెకి తమ్ముడంటే మా నాన్న ఒక్కడే.

"మీ నాయిన కన్న చిన్నోడు. కడుపు పట్టుకొని ముంగటికి వంగి కూసునేటోడు. మంచిగయ్యేటోడు, మళ్ల వంగేటోడు. గాలి సోకిందన్నరు. కడుపు మీద చురకలు పెట్టిన్రు. నేనే కాళ్లు పట్టుకున్న, కదలకుంట. ఒకసారి వంగినోడు ఇగ లేవలే."

నాకొక చిన్నాన్న ఉండేవాడని అప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో ఆ పిల్లవాడి పేరు ఎవరూ పలకరు. గాలి సోకి పోయినవాళ్ల పేరు పలికితే ఆ గాలి ఇంట్లోకి వస్తుందని భయం.

"అత్తా, డాక్టర్లు ఎన్నిసార్లు అడిగారు! ఇంకెవరికైనా ఉందా అని!"

"రోగం ఉన్నదా అని అడిగిన్రు. వానిది గాలి అనుకుంటి గద." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బుజ్జి మొదలు అట్ల వంగి కూసున్ననాడే వాడు యాదికొచ్చిండు. గదే గాలి మళ్ల వచ్చిందేమోనని బుగులు పుట్టింది. నోటితోని అంటె నిజమైతదని అనలే. ఇంకేదన్న చెప్తరేమో, గది కాదంటరేమోనని అందరిని అడిగిన."

నాకు కోపం రావాలి. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే డాక్టర్లు ఆ వైపు ముందే చూసేవాళ్లు. కోపం రాలేదు. అందరి దగ్గరా వేలెత్తి అడగడం, ఆ చాట, ఆ వాము నీళ్ల గ్లాసు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గాలి కాదని తెలిసి ఆమెకి ఊరట కలిగిందా, తన నెత్తురే అని తెలిసి ఇంకా కుంగిందా? అడగాలనుకున్నాను. అడగలేదు. ఆమె కూడా తెలియదనే అనేదేమో.

ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు. పాప పక్కన పడుకుని పొట్ట మీద చెయ్యి వేసేది, అంతే. ఒకరోజు పొద్దున మరిపెడ దగ్గర తన ఊళ్లో వాకిలి ఊడుస్తూ కూలిపోయింది. గుండె అన్నారు. ఆడబిడ్డ వచ్చి తల్లి మీద పడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, బుజ్జిని లాగి ఒళ్లో కూచోబెట్టుకుంది. కోడలు అనలేదు. కాదనీ అనలేదు. ఆ మాట ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

మొన్న ఆ కొత్త డాక్టరు ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. పాపే చెప్పింది. ఈసారి నొప్పి కొంచెమే, తగ్గుముఖం పట్టింది.

"అవును సార్, మేనరికమే. మా నానమ్మ ముచ్చటపడి చేసింది."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?"

"మా చిన్నాన్నకి ఉండేదేమో" అన్నాను నేను. గట్టిగా చెప్పలేకపోయాను. ఆ పిల్లవాడికి జరిగింది ఇదేనో కాదో ఇప్పుడు ఎవరు తేల్చగలరు?

డాక్టరు తల ఊపాడు. "అందుకే మేనరికాలు వద్దని చెప్తాం" అన్నాడు. చెడ్డగా అనలేదు. నేనూ స్కూల్లో అదే చెప్తాను.

పాప దిండుకి ఆనుకుని, చేతికి ఉన్న సెలైను సూది కదలకుండా పట్టుకుని, ఏదో లెక్క చేసి చెప్పినట్టు అంది.

"గట్ల చేయకుంటే నేను ఉండకపోదును గద సార్."

డాక్టరు నా వైపు చూశాడు. నేను మళ్లీ పక్కకి చూశాను. మా అత్తతో ఇన్నేళ్లు ఒకే ఇంట్లో తిరిగాం. ఈ ఒక్క మాట మాకెవరికీ తోచలేదు. గడులు గీసి పాఠం చెప్పే నాకూ తోచలేదు. విని ఉంటే ఏమనేదో, వేలు లేపి ఇంకో ప్రశ్న వేసేదో, ఏడ్చేదో.

స్టూలు మీది ఫ్లాస్కు తీసి కింద పెట్టాను. బ్యాగు తీసి మంచం కిందికి తోశాను. కొంగుతో స్టూలు తుడిచాను. ఎవరు కూచుంటారని తుడిచానో నాకే తెలియదు.